రెండుసార్లు అధ్యక్ష పదవి గెలిచిన విగ్ పార్టీ ఎందుకు నిలవలేదు?

చరిత్ర పాఠకుడు (ప్రశ్న):

నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తాను. ఈ సంవత్సరం అమెరికా చరిత్ర పేపరు నా వంతుకు వచ్చింది. ఆండ్రూ జాక్సన్ కాలం నుంచి అంతర్యుద్ధం దాకా పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని లేచి అడిగిన ప్రశ్నకు నేను తృప్తికరమైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడి పెద్దల ముందు ఉంచుతున్నాను.

విగ్ పార్టీ 1840లో విలియం హెన్రీ హ్యారిసన్‌ను, 1848లో జాకరీ టేలర్‌ను అధ్యక్షులుగా గెలిపించుకుంది. 1852లో ఘోరంగా ఓడిపోయిందని అందరూ రాస్తారు కానీ, ఆ ఓటమిలో కూడా ఆ పార్టీ అభ్యర్థి విన్‌ఫీల్డ్ స్కాట్‌కు నూటికి 44 దాకా ఓట్లు వచ్చాయి. మన దగ్గరైనా, మరే దేశంలోనైనా అన్ని ఓట్లు తెచ్చుకున్న ప్రతిపక్షం తర్వాతి ఎన్నికకు సిద్ధమవుతుందే తప్ప దుకాణం కట్టేయదు. అలాంటిది 1856 నాటికి విగ్ పార్టీ పేరు చెప్పుకునే పెద్ద నాయకులే దాదాపు మిగల్లేదు. 1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ ఆరేళ్లలో అబ్రహాం లింకన్‌ను అధ్యక్షుణ్ణి చేసింది.

బానిసత్వ సమస్య విగ్ పార్టీని చీల్చిందని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో ముగిస్తాయి. అది అబద్ధమని నేను అనడం లేదు. కానీ అదే సమస్య డెమొక్రటిక్ పార్టీని కూడా చీల్చింది కదా. 1848లో ఆ పార్టీకి చెందిన మాజీ దేశాధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెనే బయటికి వచ్చి, బానిసత్వ విస్తరణను ఎదిరించే ఫ్రీ సాయిల్ పార్టీ తరఫున పోటీ చేశాడు. 1860లో చార్లెస్టన్ మహాసభలో పార్టీ నిలువునా రెండుగా విరిగింది. అయినా అది బతికింది, 1884లో గ్రోవర్ క్లీవ్‌లండ్‌తో మళ్లీ అధ్యక్ష పదవికి వచ్చింది. ఒకే గాలివానకు ఒక ఇల్లు నేలమట్టమై, పక్కిల్లు పెంకులు లేచిపోయి కూడా నిలబడితే, తేడా గాలిలో కాక ఇంటి కట్టుబడిలో ఉండాలి. ఆ కట్టుబడి ఏమిటన్నదే నా ప్రశ్న.

కృష్ణాతీరం:

జవాబును 1852 దగ్గర వెతికితే దొరకదని నా అభిప్రాయం. విగ్ పార్టీ ఎలా పుట్టిందో చూస్తేనే ఎలా పోయిందో తెలుస్తుంది. కాబట్టి కొంత వెనక్కి వెళ్లక తప్పదు.

1824 ఎన్నికలో జాక్సన్‌కు 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84 ఎలక్టోరల్ ఓట్లు (అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాల వారీగా ఎంపికైన ఎలక్టర్లు వేసే ఓట్లు) వచ్చాయి. ఎవరికీ సగానికి మించి రాకపోవడంతో నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్లింది. ఆ సభకు స్పీకరుగా ఉన్న హెన్రీ క్లే మద్దతుతో ఆడమ్స్ గెలిచాడు. గెలిచిన కొద్ది రోజులకే క్లేను విదేశాంగ మంత్రిగా ప్రకటించాడు. జాక్సన్ మనుషులు దాన్ని ‘అవినీతి బేరం’ అన్నారు. నాలుగేళ్ల పాటు ఊరూరా ఆ మాటనే వినిపించి, 1828లో 178 ఎలక్టోరల్ ఓట్లతో ఆడమ్స్‌ను దించేశారు. 1824లో మూడున్నర లక్షలకు కాస్త మించిన ఓట్లు పోలైతే 1828లో పదకొండు లక్షలు దాటాయి. ఆ దేశంలో పార్టీ అనేది పెద్దమనుషుల బృందంగా ఉన్న దశ నుంచి సామాన్యుడి గుర్తింపుగా మారిన దశకు రావడం ఇక్కడ మొదలైందని నేను అనుకుంటాను.

జాక్సన్ పక్షాన్ని డెమొక్రటిక్ పార్టీగా మలచిన ఈ మార్పుకు సూత్రధారి వాన్ బ్యూరెన్. న్యూయార్క్ రాష్ట్రంలో కిండర్‌హుక్ అనే డచ్చివాళ్ల ఊరిలో పూటకూళ్లమ్మే ఇంట పుట్టిన వాడు. న్యూయార్క్ నగరానికీ ఆల్బనీకీ మధ్య ప్రయాణించే రాజకీయ నాయకులు ఆగే చోటు అది. వాళ్ల మాటలు వింటూ పెరిగాడు. 1827 జనవరిలో ఆయన రిచ్‌మండ్‌లోని పత్రికా సంపాదకుడు థామస్ రిచీకి రాసిన లేఖను మీ విద్యార్థులకు తప్పకుండా చూపించండి. దక్షిణాది తోటల యజమానులూ ఉత్తరాది సామాన్య ప్రజలూ ఒకే పార్టీగా కట్టుబడితే ప్రాంతీయ ద్వేషాలకు అదే విరుగుడు అవుతుందనీ, పార్టీ అభిమానం పలచబడిన చోటే ఉత్తరం, దక్షిణం అనే పట్టింపులు పైకి లేస్తాయనీ ఆ లేఖ సారాంశం. అంటే పార్టీ వైరం దేశానికి చేటు అని కాకుండా, మరింత పెద్ద చేటును ఆపే కట్ట అని ఆయన నమ్మాడు. ఆ కట్ట వెనక నిలబెట్టిన నీరు బానిసత్వం. లక్షల మంది మనుషులు సంకెళ్లలో ఉండగా, వాళ్ల గురించి మాట్లాడకుండా ఉండటమే ఒడంబడికగా ఆ రాజకీయ వ్యవస్థ నిలబడింది. ఈ మాట మెత్తగా చెప్పి దాటేయకూడదని నా ఉద్దేశం.

విగ్‌లు ఈ వ్యవస్థలో రెండో స్తంభం. 1832 జులైలో జాక్సన్ జాతీయ బ్యాంకు బిల్లును వీటో చేశాడు. మరుసటి ఏడు ప్రభుత్వ నిధులను ఆ బ్యాంకు నుంచి తప్పించాడు. మంత్రివర్గంలో అడ్డు చెప్పిన ఆర్థికమంత్రిని తొలగించి మరీ ఆ పని చేశాడు. దాంతో క్లే, డేనియల్ వెబ్‌స్టర్ వంటి బ్యాంకు పక్షపాతులూ, రాష్ట్రాల హక్కుల కోసం జాక్సన్‌తో తగవు పెట్టుకున్న దక్షిణాదివాళ్లూ, ఫ్రీమేసన్ అనే రహస్య సంఘానికి వ్యతిరేకులూ ఒక గొడుగు కిందికి వచ్చారు. ఇంగ్లండులో రాజు అధికారాన్ని ఎదిరించిన పక్షం పేరును 1834లో తమకు పెట్టుకున్నారు. కిరీటం ధరించి, చేతిలో వీటో పట్టుకుని, రాజ్యాంగాన్ని కాలి కింద తొక్కుతున్న ‘మొదటి ఆండ్రూ రాజు’ వ్యంగ్యచిత్రం ఆ కాలానిదే. వీళ్లను కలిపింది జాక్సన్ మీద కోపం. ఆ కోపానికి తోడు జాతీయ బ్యాంకు, దేశీయ పరిశ్రమలకు రక్షణ సుంకాలు, ప్రభుత్వ ఖర్చుతో రోడ్లు, కాలువలు అనే కార్యక్రమాన్ని క్లే చేర్చాడు. 1837 ఆర్థిక సంక్షోభం వాళ్లకు జనాన్ని తెచ్చిపెట్టింది. 1840లో అర్హులైన ఓటర్లలో నూటికి 80 మంది ఓటు వేశారు, హ్యారిసన్ 234 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచాడు.

ఇక్కడి నుంచి దురదృష్టమూ స్వయంకృతమూ చేతులు కలిపాయి. హ్యారిసన్ పదవి చేపట్టిన నెలకే చనిపోయాడు. దక్షిణాది ఓట్ల కోసం ఉపాధ్యక్షుడిగా పెట్టుకున్న జాన్ టైలర్ గద్దెనెక్కి, తన పార్టీ పంపిన బ్యాంకు బిల్లులను రెండుసార్లు వీటో చేశాడు. వెబ్‌స్టర్ తప్ప మంత్రులందరూ 1841 సెప్టెంబరులో రాజీనామా చేశారు, పార్టీ టైలర్‌ను వెలివేసింది. పదేళ్లు పోరాడి గెలిచిన అధికారం చేతికి అందినట్టే అంది జారిపోయింది. 1846లో డెమొక్రాట్లు సుంకాలు తగ్గించి, ప్రభుత్వ నిధులకు సొంత ఖజానా ఏర్పాటు చేసుకున్నారు. అయినా దేశం మునిగిపోలేదు. పైగా 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. ఇక బ్యాంకు లేదని బెంగపెట్టుకునేవాడు ఎవడూ కనిపించలేదు. డెమొక్రాట్లతో పోట్లాడటానికి విగ్‌లకు ఉన్న పాత కారణాలు ఒక్కొక్కటే ఇలా చల్లబడ్డాయి. అదే సమయంలో మెక్సికో యుద్ధం వల్ల కలిసిన కొత్త భూభాగంలో బానిసత్వం ఉండాలా వద్దా అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. కాబట్టి బానిసత్వ సమస్య ఒక్కటే విగ్ పార్టీని చంపలేదు. దాన్ని తట్టుకోవడానికి కావలసిన వేరే పట్టు ఆ పార్టీకి అప్పటికే సడలిపోయి ఉంది.

సిరక్యూజ్ నుంచి:

కృష్ణాతీరం గారు చెప్పినదానితో చాలా వరకు ఏకీభవిస్తాను. అయితే వాషింగ్టన్ నుంచి చూస్తే కనబడని సంగతులు కొన్ని రాష్ట్రాల్లో జరిగాయి. నేను న్యూయార్క్ రాష్ట్రంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను కాబట్టి ఇక్కడి సంగతి రాస్తాను.

1848లో గెలిచిన టేలర్ లూసియానాకు చెందినవాడు, నూరుమందికి పైగా బానిసల యజమాని. దక్షిణాది విగ్‌లు మనవాడే అనుకుని ఓట్లు వేశారు. తీరా అధ్యక్షుడయ్యాక ఆయన న్యూయార్క్ సెనేటరు విలియం సీవార్డ్ మాట వినడం మొదలుపెట్టాడు. కాలిఫోర్నియా బానిసత్వం లేని రాష్ట్రంగా చేరడానికి పట్టుబట్టాడు. సీవార్డ్‌కు బద్ధవిరోధి ఎవరంటే, అదే రాష్ట్రానికి, అదే పార్టీకి చెందిన ఉపాధ్యక్షుడు మిల్లర్డ్ ఫిల్మోర్. 1850 జులై 9న టేలర్ చనిపోయాడు. ఫిల్మోర్ అధ్యక్షుడై, బానిసత్వం మీద ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య కుదిర్చిన 1850 రాజీ బిల్లుల మీద వరసగా సంతకాలు పెట్టాడు. వాటిలో పారిపోయిన బానిసలను పట్టి యజమానికి అప్పగించే చట్టం కూడా ఉంది. ఆ చట్టం ప్రకారం, తాను బానిసను కానని చెప్పుకునే మనిషికి జ్యూరీ విచారణ లేదు. తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు కూడా లేదు.

ఆ సెప్టెంబరులోనే మా సిరక్యూజ్‌లో విగ్ పార్టీ రాష్ట్ర మహాసభ జరిగింది. సీవార్డ్‌ను మెచ్చుకునే తీర్మానం నెగ్గగానే, తెల్లటి వెండి జుట్టుతో ఉన్న ఫ్రాన్సిస్ గ్రేంజర్ అనే వృద్ధ నాయకుడు లేచి సభ నుంచి బయటికి నడిచాడు. ఫిల్మోర్ వర్గం ఆయన వెంట కదిలింది. ఆ జుట్టు రంగును బట్టి ఆ వర్గానికి ‘సిల్వర్ గ్రేలు’ అనే పేరు స్థిరపడిపోయింది. ఆ తర్వాత ఫిల్మోర్ పోస్ట్‌మాస్టరు ఉద్యోగాల నుంచీ, కస్టమ్స్ కార్యాలయాల నుంచీ సీవార్డ్ మనుషులను తీసేయసాగాడు. ఇంటిపోరు ఇంతింత కాదయా అన్నట్టు, డెమొక్రాట్లతో చేయాల్సిన యుద్ధం విగ్‌లు తమలో తామే చేసుకున్నారు. ఏడాది తిరగగానే, 1851 అక్టోబరు 1న, ఇదే ఊరిలో ఆ చట్టం కింద పట్టుబడిన జెర్రీ అనే మనిషిని జనం తలుపులు బద్దలుకొట్టి విడిపించి కెనడా దాటించారు. క్లింటన్ కూడలిలో ఆ సంఘటనకు స్మారకం ఉంది. నేను ఆ దారిన వెళ్లినప్పుడల్లా అక్కడ కాసేపు నిలబడతాను. పార్టీ పెద్దలు ‘ఇక ఈ చర్చ ముగిసింది’ అని తీర్మానం చేసిన సమస్య గురించి జనం అప్పుడు ఏమనుకుంటున్నారో ఆ బద్దలైన తలుపులే చెబుతాయి.

1852లో విగ్ మహాసభ 53 విడతలు ఓటింగు జరిపి, ఫిల్మోర్‌ను పక్కనపెట్టి స్కాట్‌ను ఎంచుకుంది. అభ్యర్థి ఉత్తరాదివాళ్లకు నచ్చాడు, తీర్మానాలు దక్షిణాదివాళ్లకు నచ్చినవి రాశారు. ఇద్దరికీ చెరిసగం ఇచ్చి ఇద్దరినీ పోగొట్టుకున్నారు. జార్జియాలో విగ్‌లు కొందరు స్కాట్‌కు ఓటు వేయలేక వెబ్‌స్టర్ పేరిట వేరే టికెట్ నిలబెట్టారు. వెబ్‌స్టర్ అక్టోబరు 24న చనిపోయాడు. అయినా నవంబరులో వేలమంది ఆ చనిపోయిన మనిషికే ఓటు వేశారు.

ఇక నేను విభేదించే విషయం ఒకటుంది. విగ్ ఓటరు నేరుగా రిపబ్లికన్ అయిపోలేదు. 1845 నుంచి 1854 దాకా సుమారు 29 లక్షల మంది వలస వచ్చారు. బంగాళాదుంప పంట పోయి ఆకలితో వచ్చిన ఐరిష్ కాథలిక్కులు వాళ్లలో ఎందరో ఉన్నారు. డెమొక్రాట్లు వాళ్లను ఆదరించి ఓటర్లుగా చేర్చుకున్నారు. విగ్‌లకు ఓటు వేసే ప్రొటెస్టెంట్ చేతివృత్తులవాళ్లకు, మద్యనిషేధ వాదులకు అది కంటగింపయింది. ఎవరైనా అడిగితే ‘నాకేమీ తెలియదు’ అని చెప్పాలని ప్రమాణం చేసిన రహస్య సంఘాల నుంచి పుట్టిన ‘నో నథింగ్’ పార్టీ, 1854లో మసాచుసెట్స్‌లో గవర్నరు పదవితో పాటు శాసనసభ స్థానాలను దాదాపు అన్నిటినీ ఊడ్చేసింది. విగ్ పార్టీకి కంచుకోట అనుకున్న రాష్ట్రం అది. వలసవచ్చినవాళ్ల మీద అంత ద్వేషం ఒక ఏడాదిలో అధికారం దాకా పోగలిగిందన్న సంగతి, పరదేశంలో బతుకుతున్న నాలాంటి వాడికి పుస్తకంలో చదివి పక్కన పెట్టే విషయం కాదు. 1856లో ఆ పార్టీ అభ్యర్థి మన ఫిల్మోరే. నూటికి 21 ఓట్లు వచ్చినా మేరీలండ్ ఒక్కటే దక్కింది. కాబట్టి 1854లో విగ్ శవం చుట్టూ వారసులు ఇద్దరు నిలబడి ఉన్నారు. రిపబ్లికన్లే గెలుస్తారని అప్పుడు ఎవరూ పందెం కాయలేరు.

చరిత్ర పాఠకుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాన్ బ్యూరెన్ లేఖ సంగతి నాకు కొత్త. అయితే రెండు చిక్కుముడులు ఇంకా విడలేదు. మొదటిది, డెమొక్రాట్లు ఎలా నిలిచారు? రెండోది, కొత్త పార్టీ అంత తొందరగా దేశమంతా అభ్యర్థులను నిలబెట్టి ఎలా గెలిచింది? మన కాలంలో కొత్త పార్టీ పెట్టేవాళ్ల అవస్థలు చూసిన వాళ్లకు అది నమ్మశక్యం కాదు.

పాత పత్రికల అర:

రెండోదానికి నేను చెబుతాను. చాలామంది పట్టించుకోని చిన్న కాగితం ముక్కలో దీని జవాబు ఉంది.

ఆ రోజుల్లో బ్యాలెట్‌ను ప్రభుత్వం అచ్చువేసేది కాదు. పార్టీలే అచ్చువేసేవి. దాన్ని ‘టికెట్’ అనేవాళ్లు. చేతివెడల్పు ఉన్న పొడవాటి కాగితం మీద, పైన గద్దబొమ్మో నాయకుడి బొమ్మో వేసి, అధ్యక్షుడి ఎలక్టర్ల దగ్గర నుంచి కౌంటీ షెరీఫ్ దాకా ఆ పార్టీ అభ్యర్థులందరి పేర్లూ వరసగా ఉండేవి. ఎన్నికకు ముందు పార్టీ పత్రికలు కూడా వాటిని అచ్చువేసేవి, కత్తిరించి తెచ్చుకోవచ్చు. ఎన్నిక రోజున పార్టీ మనిషి వీధిలో నిలబడి ఓటరు చేతిలో టికెట్ పెట్టేవాడు. ఓటరు దాన్ని అందరి కళ్ల ముందే తీసుకువెళ్లి పెట్టెలో వేయాలి. చాలా పార్టీలు దూరం నుంచే తెలిసేలా రంగు కాగితాలు వాడేవి. వర్జీనియా, కెంటకీ వంటి చోట్ల అదీ లేదు, ఓటరు నోటితో పేరు చెప్పాలి. కెంటకీలో ఆ పద్ధతి 1891 దాకా నడిచింది. అభ్యర్థుల్లో ఎవరైనా నచ్చకపోతే ఆ పేరు కొట్టేసి వేరే పేరు రాయవచ్చు. లేకపోతే ముందుగా అచ్చువేసి వెనక జిగురు రాసిన సన్నని కాగితపు పట్టీని ఆ పేరు మీద అంటించవచ్చు. జార్జియాలో చనిపోయిన వెబ్‌స్టర్‌కు ఓట్లు పడ్డాయని సిరక్యూజ్ వారు రాశారు కదా, అచ్చయిన టికెట్లు చేతిలో ఉండగా దాన్ని ఆపే అధికారి ఎవరూ లేరు.

దీని అర్థం ఏమిటంటే, కొత్త పార్టీకి గుర్తింపు కోసం ఎవరికీ దరఖాస్తు పెట్టనక్కరలేదు, సంతకాలు సేకరించనక్కరలేదు. ఒక అచ్చుయంత్రం, ఒక పత్రిక, ఊరికి ఇద్దరు మనుషులు ఉంటే చాలు. 1854 మార్చిలో విస్కాన్సిన్ రాష్ట్రం రిపన్‌లోని బడిలో కొద్దిమంది కూడి మాట్లాడుకున్న సంగతి, జులై 6న మిషిగన్‌లోని జాక్సన్ ఊరిలో వేలమంది ఓక్ చెట్ల కింద చేరి రిపబ్లికన్ పేరుతో అభ్యర్థులను ప్రకటించిన సంగతి మీకు తెలిసినవే. అదే నవంబరులో మిషిగన్ గవర్నరు పదవి వాళ్లకు దక్కింది. నాలుగు నెలల పార్టీకి అది సాధ్యమైందంటే, ఆ కాలపు ఎన్నికల తీరు అందుకు అవకాశం ఇచ్చింది.

ఇదే పద్ధతికి రెండో వైపు కూడా ఉంది. టికెట్ అచ్చువేసి పంచే మనిషి లేని చోట ఆ పార్టీ లేనట్టే. 1860లో దక్షిణాదిన తొమ్మిది రాష్ట్రాల్లో లింకన్ పేరిట టికెట్టే లేదు. సౌత్ కరోలినాలో శాసనసభే ఎలక్టర్లను ఎంచుకునేది కాబట్టి అక్కడ ప్రజల ఓటే లేదు. లింకన్‌కు ఓటు వేయదలచిన టెన్నెసీ రైతు ఒకడు ఉన్నా, వాడి చేతిలో పెట్టడానికి కాగితం లేదు. ఆ టికెట్ పంచడానికి నిలబడే ధైర్యమూ ఎవరికీ ఉండేది కాదు.

1888లో మసాచుసెట్స్ చట్టం చేసి, అభ్యర్థులందరి పేర్లూ ఒకే కాగితం మీద ప్రభుత్వమే అచ్చువేసి, ఓటరు చాటుగా గుర్తు పెట్టే ఆస్ట్రేలియా పద్ధతిని రాష్ట్రమంతటా తెచ్చింది. కొన్నేళ్లలో దాదాపు అన్ని రాష్ట్రాలూ అదే దారిన నడిచాయి. ఓటరుకు అది గొప్ప మేలు. కానీ ప్రభుత్వ కాగితం మీద ఏ పేర్లు ఉండాలో తేల్చే నియమాలను రాసింది శాసనసభల్లో అప్పటికే కూర్చున్న రెండు పార్టీలే. 1892లో పది లక్షల పైచిలుకు ఓట్లూ 22 ఎలక్టోరల్ ఓట్లూ తెచ్చుకున్న పీపుల్స్ పార్టీ, నాలుగేళ్ల తర్వాత డెమొక్రాట్ల అభ్యర్థి బ్రయన్‌నే తమ అభ్యర్థిగా ఒప్పుకోవలసి వచ్చింది. అందుకు కారణాలు అనేకం ఉన్నాయి. అయినా 1854లో ఉన్న తెరిచిన వాకిలి అప్పటికి సగం మూసుకుందన్నది వాస్తవం.

కృష్ణాతీరం:

మొదటి చిక్కుముడికి క్లుప్తంగా చెబుతాను. డెమొక్రటిక్ మహాసభలో 1832 నుంచీ ఒక నియమం ఉంది, అభ్యర్థికి మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. 1844లో వాన్ బ్యూరెన్‌కు సగానికి మించి వచ్చినా, టెక్సాస్‌ను వెంటనే కలుపుకోవడం వద్దన్నందుకు దక్షిణాది ప్రతినిధులు ఆ నియమంతోనే ఆయన్ను ఆపారు. తొమ్మిదో విడతలో జేమ్స్ పోక్ అభ్యర్థి అయ్యాడు. తమకు గిట్టనివాణ్ణి ఆపగలిగే తాళం చేతిలో ఉన్నంత కాలం దక్షిణాది ఆ పార్టీని విడవలేదు. పార్టీ మాట కాదనలేక మూల్యం చెల్లించింది ఉత్తరాది డెమొక్రాట్లు. 1854లో స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సస్-నెబ్రాస్కా బిల్లు, 1820 నాటి మిస్సోరీ రాజీలో బానిసత్వం ఇక్కడికి ఉత్తరాన ఉండకూడదని గీసిన గీతను చెరిపేసి, ఆ భూభాగంలో బానిసత్వానికి తలుపు తెరిచింది. దానికి అనుకూలంగా ఓటేసిన ఉత్తరాది డెమొక్రాట్లు 44 మందిలో తర్వాతి ఎన్నికల్లో తిరిగి గెలిచింది ఏడుగురే. అయినా దక్షిణాదిలో వాళ్లకు చెక్కుచెదరని పునాది ఉంది. విగ్‌లకు ఉత్తరాన గానీ దక్షిణాన గానీ అలాంటి చోటు ఒక్కటీ లేదు. ఆ బిల్లుకు ఉత్తరాది విగ్ సభ్యుల్లో ఒక్కరూ ఓటు వేయలేదు, దక్షిణాది విగ్‌లలో ఎక్కువమంది వేశారు. ఆ తర్వాత వాళ్లు ఒకే పార్టీ అని చెప్పుకోవడం కష్టం.

ఓరుగల్లు వాసి:

అందరి సమాధానాలూ చదివాను. ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ఉత్తరాది విగ్‌లందరూ ఆ బిల్లుకు వ్యతిరేకమే అయినప్పుడు, బానిసత్వ విస్తరణను ఎదిరించే పార్టీగా విగ్ పార్టీయే ఎందుకు మారలేదు? వేరే పేరు, వేరే పార్టీ ఎందుకు కావలసి వచ్చింది? నా దృష్టిలో, విగ్ పార్టీ పోవడానికి కారణం విగ్-డెమొక్రాట్ వైరం బలహీనపడటం కాదు, ఆ వైరం అప్పటికీ అంత బలంగా ఉండటం.

ఇల్లినాయ్‌లో జరిగిన ఒక ఎన్నిక చూడండి. సెనేటర్లను అప్పట్లో రాష్ట్ర శాసనసభ ఎన్నుకునేది. 1855 ఫిబ్రవరి 8న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ ఎన్నిక జరిగినప్పుడు, నెబ్రాస్కా బిల్లుకు వ్యతిరేకులైన విగ్‌లూ డెమొక్రాట్లూ కలిస్తే సభలో వాళ్లదే పైచేయి. విగ్ అభ్యర్థి లింకన్ మొదటి విడతలో అందరికన్నా ముందు నిలిచాడు, గెలుపుకు కొద్ది ఓట్లే తక్కువ. ఆ కొద్ది ఓట్లూ అయిదుగురు డెమొక్రాట్ల చేతిలో ఉన్నాయి. బానిసత్వ విస్తరణ విషయంలో వాళ్ల అభిప్రాయానికీ లింకన్ అభిప్రాయానికీ తేడా లేదు. అయినా విగ్ అనే పేరున్న మనిషికి ఓటు వేసి ఇంటికి వెళ్లి తమ ఓటర్లకు ముఖం చూపించలేమని వాళ్లు కదలలేదు. ఇరవై ఏళ్లుగా ఊరూరా తిట్టిపోసుకున్న పేరు అది. తండ్రి ఏ పార్టీయో కొడుకూ అదే పార్టీ అయిన ఊళ్లలో, ఆ గీత దాటడమంటే కులం మారినంత పని.

విడతలు గడిచిన కొద్దీ లింకన్ ఓట్లు 15కు పడిపోయాయి. నెబ్రాస్కా పక్షం రాష్ట్ర గవర్నరు జోయెల్ మ్యాటిసన్‌ను గెలిపించే దాకా వచ్చింది. అప్పుడు లింకన్ తన వాళ్లను పిలిచి, ఆ అయిదుగురు నిలబెట్టిన లైమన్ ట్రంబుల్‌కు ఓటు వేయమన్నాడు. పదో విడతలో ట్రంబుల్ 51 ఓట్లతో గెలిచాడు. నలభైకి పైగా ఓట్లున్న మనిషి అయిదు ఓట్లున్న మనిషికి పదవి వదులుకున్నాడు. ఆయన భార్య మేరీ, తన పెళ్లికి తోడిపెళ్లికూతురుగా నిలిచిన ట్రంబుల్ భార్యతో ఆ తర్వాత పూర్వపు స్నేహం కొనసాగించలేదు.

ఆ ఆగస్టులో లింకన్ తన మిత్రుడు జాషువా స్పీడ్‌కు రాసిన లేఖలో, తాను ఎక్కడ ఉన్నాడన్నది వివాదాస్పదమైన విషయమనీ, తాను విగ్‌నని అనుకుంటున్నాననీ, అయితే విగ్‌లే లేరని ఇతరులు చెబుతున్నారనీ రాశాడు. తాను నో నథింగ్ కాదన్నది మాత్రం నిశ్చయమని అదే లేఖలో స్పష్టంగా చెప్పాడు. సిరక్యూజ్ వారు చెప్పిన ఇద్దరు వారసుల్లో ఎవరి వైపు వెళ్లకూడదో ఆయనకు అప్పటికే తెలుసు.

విగ్ పేరు ఉన్నంత వరకు ఆ అయిదుగురూ, వాళ్ల వెనక ఉన్న వేలమంది డెమొక్రాట్ ఓటర్లూ ఇటు రారు. ఇద్దరికీ చెందని కొత్త ఇల్లు కట్టుకుంటే, ఓడిపోయి శత్రువు గుమ్మం తొక్కామన్న అవమానం ఎవరికీ ఉండదు. 1856 మే 29న బ్లూమింగ్టన్‌లో ఇల్లినాయ్ రిపబ్లికన్ పార్టీకి పునాది పడిన సభలో అధ్యక్ష స్థానంలో కూర్చున్న జాన్ పామర్, 1855లో లింకన్‌కు ఓటు వేయని ఆ అయిదుగురిలో ఒకడు. ఆ రోజు చివరి ఉపన్యాసం లింకన్‌ది. ఆ అయిదుగురిలోనే మరొకడు నార్మన్ జడ్. 1860 మేలో షికాగో మహాసభను తన రాష్ట్రానికి రప్పించడంలో ఆయన పాత్ర ఉంది. ఆ మహాసభలో అధ్యక్ష అభ్యర్థిగా లింకన్ పేరును ప్రతిపాదించింది కూడా ఆయనే.